బైండింగులు బిగించిన చలికాలాలు

మా తరం వాళ్లు ఉద్యోగం గురించి రాస్తే ఆఫీసుతోనో లేబొరేటరీతోనో మొదలుపెడతారు. నేను బేస్‌మెంటుతో మొదలుపెట్టాలి. న్యూయార్క్ రాష్ట్రంలో బాగా ఉత్తరాన, కెనడా సరిహద్దుకు దగ్గరలో, ఒక మంచు కొండ కింద, కాళ్లకు పలకలు కట్టుకుని మంచు మీద జారే ఆటకు కావలసినవి అమ్మే స్కీ దుకాణం అది. పైన అమ్మకాలు, కింద రిపేర్లు. కాలిన మైనం వాసన, తడిసిన ఉన్ని మేజోళ్ల వాసన కలిసి ఉండే ఆ కింది గదిలో డెబ్బైల చివర చేరాను. ఎనభైలు అయిపోయేదాకా ఉన్నాను. జనం కాళ్లకు బైండింగులు బిగించడం నా పని. బైండింగు అంటే బూటును స్కీకి గాని, బోర్డుకు గాని పట్టి ఉంచే బిగింపు. అది సరిగా ఉంటే మనిషి దాన్ని మరిచిపోతాడు. సరిగా లేకపోతే ఆ రోజంతా అతనికి ఇంకేమీ గుర్తుండదు.

మా కుటుంబం గురించి రెండు ముక్కలు చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. మా తాతగారి నాటికి ఊళ్లు ఉండేవి. మా నాన్నగారి నాటికి వ్యాజ్యాలు మిగిలాయి. నా వంతుకు ఇంటిపేరు వచ్చింది. దాన్ని నేను ఎక్కడా చులకన కానివ్వలేదు. నేను చరిత్రలో ఎం.ఏ. చేసి, ఇంకో డిగ్రీకని ఈ దేశం వచ్చి, అది పూర్తి చేయలేక, ఆసుపత్రిలో నర్సుగా చేరిన మా ఆవిడ ఉద్యోగం వెంట ఆ ఊరు చేరాను. చిన్నప్పుడు వేట తుపాకులు విప్పి, తుడిచి, మళ్లీ బిగించిన చేతులు కాబట్టి స్క్రూడ్రైవర్ నాకు కొత్త కాలేదు. కొత్తగా కష్టపడ్డవి మోకాళ్లు.

ఆ పని నిలబడి చేసేది కాదు. కస్టమర్ బెంచీ మీద కూర్చుంటాడు. మనం అతని ముందు మోకాలి మీద కూర్చుని, అతని పాదం మన తొడ మీద పెట్టుకుని, బూటు తొడిగి, బకిల్ వేసి, మడమ పట్టుకుని చూడాలి. మాలాంటి ఇళ్లలో ఇంకొకరి కాళ్లు పట్టుకోవడం అంటే ఏమిటో మీకు విడమరచి చెప్పక్కర్లేదు. మొదటి చలికాలం రోజూ సాయంత్రం ఇంటికి వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా వేడినీళ్లు పోసుకునేవాణ్ణి. మా ఆవిడ చూసి చూసి ఒకరోజు అంది:

“ఇంట్లో కింద పడ్డ చెంచా వంగి తియ్యరు. అక్కడేమో రోజంతా నేల మీదే. ఆ దుకాణం ఆయనదండీ అదృష్టం.”

“అది ఉద్యోగం.”

“నాదీ ఉద్యోగమే. నేను బెడ్‌పాన్లు తీస్తాను. ఇంటికొచ్చి మౌనవ్రతం పట్టానా?”

మర్నాటి నుంచి వెన్ను నిటారుగా ఉంచి, ఒక్క మోకాలు మాత్రమే నేలకు ఆనించి కూర్చోవడం అలవాటు చేసుకున్నాను. నాతో పాటు ఆ బేస్‌మెంటులో పనిచేసే అమ్మాయి పక్క లోయలో ఒక పాడిరైతు కూతురు. నా భంగిమ చూసి నాకు జనరల్ అని పేరు పెట్టింది. “జనరల్, ఇప్పుడు లొంగిపోతున్నావా, మెడల్ తీసుకుంటున్నావా?” అని కస్టమర్ల ముందే అడిగేది. నేను నవ్వేవాణ్ణి కాను. అందుకే మళ్లీ మళ్లీ అడిగేది.

ఎనభైల మధ్యలో స్నోబోర్డులు వచ్చాయి. స్కీలో మేము నేర్చుకున్నదంతా ఒక్క సూత్రం మీద నిలబడింది: మనిషి పడినప్పుడు బూటు ఊడి రావాలి, లేకపోతే కాలు విరుగుతుంది. బోర్డు దీనికి పూర్తిగా విరుద్ధం. రెండు కాళ్లూ ఒకే బోర్డుకు కట్టేసి ఉంటాయి. ఊడవు. పడితే బోర్డుతో సహా పడాలి. పాత స్కీ మెకానిక్కులు చాలామంది వాటిని ముట్టుకోం అని మొండికేశారు. మా దుకాణం యజమాని ఒకప్పుడు స్కీ పందేలలో దిగి మోకాలు పాడుచేసుకున్న పెద్దమనిషి. ఆయన ఆ పనిని నాకూ ఆ అమ్మాయికీ అప్పగించాడు.

కొంచెం ఓపిక పట్టి ఈ ఒక్క సంగతి వినండి. బోర్డును తిప్పడం, ఆపడం అంతా పాదంలో ఉంటుంది. వేళ్ల వైపు వాలితే ఒక అంచు మంచును కోస్తుంది, మడమల వైపు వాలితే ఇంకో అంచు. బూటులో మడమ కొద్దిగా పైకి లేచినా సరే, మనిషి చెప్పింది బోర్డు వినదు. అది లేవకుండా గట్టిగా బిగిస్తే కాలు తిమ్మిరెక్కుతుంది. ఈ రెండింటి మధ్య ఉన్న చోటు వెతకడమే మా విద్య. స్ట్రాపు మీగాలి ఎముక మీద కాకుండా చీలమండ వంపులో కూర్చోవాలి. పిక్కకు ఆనుకునే ప్లాస్టిక్ దన్నును కొంచెం ముందుకు వంచి పెట్టాలి. అలా పెడితే మనిషి మరీ వెనక్కి పడిపోకుండానే మడమ అంచు మంచును పట్టుకుంటుంది. ఇదంతా చాలావరకు బల్ల మీద కొలిచి చేయవచ్చు. మడమ లేస్తోందా లేదా అన్నది మాత్రం మనిషిని బోర్డు మీద నిలబెట్టి, మోకాళ్లు వంచమని, మడమను చేత్తో పట్టుకుంటేనే తెలుస్తుంది.

అయితే మా కొండ నడిపేవాళ్లు, జనాన్ని పైకి మోసే తీగ కుర్చీల లిఫ్టును బోర్డులతో ఎక్కనివ్వలేదు. బోర్డు ఉన్నవాళ్లు మా దుకాణం అమ్మాయి వాళ్ల నాన్న పశువుల మేత బీడులో, బోర్డు చంకన పెట్టుకుని నడిచి ఎక్కి, దిగేవాళ్లు. ఎక్కడం అరగంట, దిగడం చిటికెలో అయిపోయేది. ఇది ఎన్నాళ్లో సాగదని అందరికీ తెలుసు. అయినా మా యజమాని ఆ సంవత్సరం అరల నిండా బోర్డులు తెప్పించాడు. తెప్పించాక నన్ను పైకి పిలిచాడు.

“కొండ మేనేజర్ ఈ సీజన్‌లో ఒప్పుకుంటే నీ బల్ల ఉంటుంది. ఒప్పుకోకపోతే వసంతానికల్లా బోర్డుల పని ఎత్తేస్తాను. స్కీల పనికి కింద ఒక మనిషి చాలు. ఆ అమ్మాయైతే పైన అమ్మకాలు కూడా చూస్తుంది.”

“అమ్మకాలు నేను చేయలేనా?”

“నువ్వు కస్టమర్ని చూసే చూపుకి చేతి తొడుగులు కూడా అమ్ముడుపోవు.”

అందులో కోపం లేదు, నిజం ఉంది. నేను కిందికి వచ్చి పనిలో పడ్డాను. ఆ వయసులో, ఆ ఊళ్లో, సగం డిగ్రీతో నాకు ఇంకో ఉద్యోగం ఎవరూ ఇవ్వరు. మా ఆవిడ జీతం మీద కూర్చుని తినడం కంటే మోకాలి మీద కూర్చోవడం నయమని అప్పటికే తేల్చుకున్నాను.

ఆ ఊళ్లో మన తెలుగు కుటుంబాలు కొన్ని ఉండేవి. అందరూ ఆసుపత్రి వాళ్లే. వాళ్లలో ఎముకల డాక్టరు ఒకాయన, మా ఆవిడ పనిచేసే వార్డుకు పెద్ద. ఆయన తండ్రి మా తాతగారి కచేరీలో గుమాస్తాగా పనిచేశారు. ఆ సంగతి ఆయన ఎన్నడూ దాచలేదు, నేను ఎన్నడూ ఎత్తలేదు. నన్ను మాత్రం పదిమందిలోనూ దొరగారూ అని పిలిచేవారు. విన్నప్పుడు నాకు బాగానే ఉండేది. విన్న కాసేపటికి ఒళ్లు మండేది.

ఆయన కూతురు హైస్కూలు చివరి ఏడు చదువుతోంది. ముందు ఏడాది మేత బీడులో స్నేహితురాళ్ల బోర్డుల మీద నేర్చుకుని, ఆ ఏడు తండ్రిని వేధించి సొంత బోర్డు కొనిపించింది. తెలుగు వాళ్లు ఎవరు వచ్చినా బిగించే పని మా దుకాణం అమ్మాయికే వదిలేవాణ్ణి. వాళ్లు బోర్డు కొన్న వారం ఆమె ఊళ్లో లేదు. డాక్టరుగారు ఒక్కరే బోర్డు, బూట్లు పట్టుకుని మెట్లు దిగి వచ్చారు.

“అమ్మాయి రాలేదా?” అన్నాను.

“అదెందుకండీ దొరగారూ? బూట్లు తెచ్చాగా. మెజర్‌మెంట్ అంతా బూట్లకే కదా.”

“బూట్లలో కాళ్లుంటాయి డాక్టరుగారూ.”

“అయ్యయ్యో, మీరు దాని కాళ్లు పట్టుకుని చూడడమేంటండీ! మా నాన్నకి తెలిస్తే పైనుంచి దిగొస్తాడు.”

ఆయన నవ్వారు. నేను వాదించలేదు. అది ఆయన మర్యాద. వద్దనడానికి నాకు మనసు రాలేదు. ఖాళీ బూట్లను బోర్డు మీద నిలబెట్టి, పుస్తకంలో ఉన్న కొలతల ప్రకారం బిగించి పంపాను. కాళ్లు ఇంట్లో పెట్టి బూట్లు పంపించే కస్టమర్లు ఆ దేశం మొత్తంలో మన వాళ్లే అయి ఉంటారు. పుచ్చుకుని బిగించిన మెకానిక్కు కూడా మన వాడే.

తరవాత డాక్టరుగారి కూతురు దుకాణానికి వచ్చినప్పుడల్లా అడిగాను.

“ఎలా ఉందమ్మా బోర్డు?”

“బాగానే ఉంది అంకుల్. ఐ లవ్ ఇట్.”

ఆ మాట అంటూ కాళ్లు బెంచీ కిందికి లాక్కునేది. కుదురైన పిల్ల అనుకున్నాను.

జనవరిలో కొండ మేనేజర్ దిగివచ్చాడు. ఒక పరీక్ష పెడతానన్నాడు. “మీ దుకాణం మనిషి దిగితే అది సర్కస్. నాకు మామూలు కస్టమర్ కావాలి. పోయిన ఏడాది నేర్చుకున్నవాళ్లు ఎవరైనా సరే. చెప్పిన చోట తిరగాలి, కింద తాడు దగ్గర ఆగాలి. ఆగితే ఆలోచిస్తాను.” మా యజమాని వెంటనే డాక్టరుగారి కూతురి పేరు చెప్పాడు. ఆ మేనేజర్ మోకాలికి ఆపరేషన్ చేసింది డాక్టరుగారే. అటువంటి లెక్కలు మా యజమాని బాగా వేసేవాడు.

పరీక్ష రోజు పొద్దున ఎండ తెల్లగా కాసింది, చలి ఎముకలు కొరికింది. మా దుకాణం అమ్మాయి పైన లిఫ్టు దిగేచోట ఉండి డాక్టరుగారి కూతుర్ని పంపాలి. మేము కింద తాడు దగ్గర నిలబడ్డాం: మేనేజర్, మా యజమాని, పొడుగు కోటులో డాక్టరుగారు, వెనకగా నేను. ఆ తాడు అవతలే లిఫ్టు కోసం జనం వరస కట్టే చోటు.

ఆ పిల్ల దిగడం మొదలుపెట్టింది. వేళ్ల వైపు మలుపులు ముచ్చటగా తిప్పింది. మడమల వైపు వచ్చేసరికి ప్రతిసారీ ఏదో తడబాటు, ఒక క్షణం ఆలస్యం. తాడు దగ్గరకు వచ్చింది. ఆగడానికి వెనక్కి వాలింది. అంచు పట్టలేదు. కూలబడి, అలాగే జారుతూ తాడు కింద నుంచి దూసుకుపోయి, తాడు కట్టిన కర్రను పడగొట్టి, అవతల ఆగింది. మేనేజర్ పక్కకు తప్పుకున్నాడు కాబట్టి సరిపోయింది.

“చూశాం కదా,” అన్నాడు.

“ఒక్కసారికేనా?” అన్నాడు మా యజమాని.

“పిల్లలు నిలబడేది ఇక్కడే. ఒక్కసారి చాలు.” కాని డాక్టరుగారి ముఖం చూసి కొంచెం తగ్గాడు. “సరే, డాక్టర్ కోసం ఇంకొక్కసారి. కాఫీ తాగి వస్తాను. అప్పటికి ఆమె పైన ఉండాలి.”

నా ఉద్యోగం ఆ కాఫీ కప్పులో ఉంది. నేను ఆ పిల్ల దగ్గరికి వెళ్లాను. మంచులో కూర్చుని ఉంది. కళ్లలో నీళ్లున్నాయి, అవి చలికి వచ్చినవని చెప్పడానికి సిద్ధంగా ఉంది.

“ఎక్కడమ్మా నొప్పి?”

“నథింగ్ అంకుల్. నాదే ఫాల్ట్. బైండింగ్ బాగానే ఉంది.”

“కాలి వేళ్లు కదుపు.”

“కదుపుతున్నా.”

“కదులుతున్నట్టు తెలుస్తోందా?”

బూటు వైపు చూసుకుంది. “లేదు. లైక్, ఏమీ ఫీల్ అవ్వట్లేదు.”

“ఎప్పట్నుంచి?”

“ఫస్ట్ డే నుంచి.”

“మరి అడిగినప్పుడల్లా బాగానే ఉందన్నావే?”

“డాడీ చెప్పాడు. అంకుల్ అడిగితే ఫైన్ అని చెప్పు, లేకపోతే ఆయన నీ ఫుట్ పట్టుకుంటారు, అది వెరీ బ్యాడ్ అని. మా తాత మీ హౌస్‌లో షూస్ కూడా వేసుకోలేదంట.”

ఏ కాలంలోనో ఎవరో చెప్పులు విప్పి నిలబడితే, దానికి ఇక్కడ ఈ పిల్ల వేళ్లు తిమ్మిరెక్కాయి. నేను ఆ మంచులో రెండు మోకాళ్లూ ఆనించి కూర్చున్నాను. ఆమె గాభరాపడి కాలు లాక్కోబోయింది. కాని కాలు బోర్డుకు కట్టేసి ఉంది, ఎక్కడికి లాక్కుంటుంది?

డాక్టరుగారు పరుగెత్తుకొచ్చారు. “లేవండి దొరగారూ! లేవండి, అందరూ చూస్తున్నారు.”

“చూడనివ్వండి. మీరు పేషెంట్ల కాళ్లు పట్టుకోరా?”

“అది నా ప్రొఫెషన్ అండీ.”

“మరి ఇది?”

“అది కాదండీ, చిన్నపిల్ల, దానికి పాపం తగులుతుంది.”

“డాడీ, ప్లీజ్! నా టోస్ ఫ్రీజ్ అవుతున్నాయి, మీరు పాపం అంటారేంటి?”

ఆ ‘ఫ్రీజ్’ అన్న మాటతో ఆయనలో తండ్రి పోయి డాక్టరు వచ్చాడు. కోటు మంచులో పరుచుకునేలా నాకు ఎదురుగా కూలబడి, బూటు మీదనుంచే వేలితో నొక్కారు. “ఇక్కడే కదా? చూశారా, స్ట్రాప్ సరిగ్గా నర్వ్ మీద కూర్చుంది.”

“తెలుసు. కొంచెం జరగండి, నాకు వెలుతురు రావట్లేదు.”

ఆయన జరిగారు. మా ఇద్దరి మధ్యా ఏదైనా ఒక మాట తిన్నగా నడిచిందంటే అదే మొదటిసారి అనుకుంటాను.

బూటు విప్పితే సంగతి తెలిసింది. లోపల రెండు జతల ఉన్ని మేజోళ్లు, మీద ముడతలు. బూటు వదులుగా ఉందని పిల్ల తన తెలివి కొద్దీ చేసుకున్న ఏర్పాటు. మీగాలి మీద ఎర్రటి గీత, చుట్టూ పాలిపోయిన చర్మం. డాక్టరుగారు ఆ పాదాన్ని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని రుద్దుతుంటే నేను పని మొదలుపెట్టాను. స్ట్రాపు మరను ఒక కన్నం వెనక్కి జరిపాను. పిక్క వెనక దన్నుకు చిన్న చెక్క చీలిక దోపి ముందుకు వంచాను. ఒక జత మేజోళ్లు తీయించి, జేబులో ఉన్న దళసరి ఉన్ని ఫెల్టు ముక్కను కోసి బూటులో మడమ వెనక దోపాను. తొడుగులు విప్పిన వేళ్లు మొద్దుబారాయి, మర రెండుసార్లు మంచులో పడింది. రెండో కాలికీ అంతే చేశాను.

“లేచి నిలబడు. నా భుజం పట్టుకో. మోకాళ్లు వంచు.”

మడమ పట్టుకుని చూశాను. ఎందరి మడమలనో పట్టుకున్న చేయి అది. ఆ మడమలో ప్రత్యేకత ఏమీ లేదు. నా ఇంటిపేరు గాని, వాళ్ల తాతగారి చెప్పులు గాని దానికి తెలియవు. వంగినప్పుడు లేవకుండా ఉందా లేదా, అంతవరకే. లేవలేదు.

“వేళ్లు?”

“మంట పుడుతోంది అంకుల్.”

“మంచిది. ప్రాణం వస్తోంది. వెళ్లు.”

మేనేజర్ కాఫీ కప్పు చేత పట్టుకుని వచ్చేసరికి ఆమె పైన ఉంది. మేము మళ్లీ తాడు దగ్గర నిలబడ్డాం. నా ప్యాంటు మోకాళ్ల దగ్గర తడిసి గడ్డకడుతోంది. ఆ పిల్ల ఈసారి రెండు వైపులా ఒకేలా తిరుగుతూ వచ్చింది. వేగం తగ్గించలేదు, అదే నాకు భయమేసింది. తాడు దగ్గరకు రాగానే మడమల మీదికి వాలింది. మంచు గీసిన చప్పుడు వినిపించింది. బోర్డు అడ్డంగా నిలబడిపోయింది. ఎగిరిన మంచు పొడి మేనేజర్ కాళ్ల మీద, కాఫీలో పడింది.

ఆయన కాఫీ పారబోశాడు. “కింది లిఫ్టు వరకే. శని, ఆదివారాలు కుదరదు. ఒక్క గొడవ జరిగినా తీసేస్తాను,” అని వెళ్లిపోయాడు. మా యజమాని ఆయన వెనకే వెళ్లి, శనివారాలు కూడా కలిపించుకుని వచ్చాడు. పై నుంచి దిగి వచ్చిన మా దుకాణం అమ్మాయి నన్ను చూసి ఏదో అనబోయింది. నా ప్యాంటు చూసి మానుకుంది.

ఇది చదివే మీలో చాలామంది ఇప్పుడు ఆఫీసుల్లో టీములు నడుపుతున్నారు. మీరు అడిగినప్పుడు అందరూ బాగానే ఉంది అంటుంటే సంతోషించే ముందు కాస్త ఆగండి. మర్యాద కొద్దీ చెప్పే అబద్ధాన్ని కనిపెట్టడం కష్టం. చెప్పేవాడికీ అది తప్పనిపించదు, వినేవాడికీ తియ్యగా ఉంటుంది. బల్ల మీది కొలతలు దాన్ని పట్టుకోలేవు.

డాక్టరుగారు ఆ తరవాత నన్ను దొరగారూ అని పిలవలేదు. ఏమండీ అనేవారు, కొన్నాళ్లకు పేరుతో పిలిచారు. “హమ్మయ్య,” అంది మా ఆవిడ. నాకు మాత్రం కొన్నాళ్లు ఇంట్లో ఎక్కడో ఒక వస్తువు కనబడనట్టుగా ఉండేది. వెతకలేదు.

నా బల్ల నిలబడింది. నిలబడింది అన్న మాట బల్లకే గాని నాకు వర్తించదు. కొండ మీద బోర్డులు వస్తున్నాయని తెలిసిన మొదటి శనివారం, బేస్‌మెంటు మెట్ల మీద పైదాకా జనం. ప్రతివాడికీ బైండింగు మార్చాలి, ప్రతివాడికీ ముందే కావాలి. పొద్దుటి నుంచి నేలను వదల్లేదు. ఒక మోకాలు నొప్పెడితే రెండోది, అదీ నొప్పెడితే రెండూ. వెన్ను నిటారుగా ఉందో లేదో చూసుకునే తీరిక లేదు. గెలిస్తే పని తగ్గుతుందనుకోవడం నా అమాయకత్వం.

మధ్యాహ్నం నా ముందు బెంచీ మీద ఎవరో దబ్బున కూర్చున్నారు. తడి బూటు ఒకటి వచ్చి నా తొడ మీద పడింది. తలెత్తి చూస్తే డాక్టరుగారి కూతురు. వెనక నలుగురు స్నేహితురాళ్లు.

“అంకుల్, లెఫ్ట్‌ది లూజ్‌గా ఉంది. మీరు సరిగ్గా చూడలేదు.”

“సరిగ్గానే చూశాను.”

“లేదు. మళ్లీ చూడండి. అండ్ కొంచెం తొందరగా, లిఫ్ట్ లైన్ పెరిగిపోతుంది.”

మా వంశంలో ఎవరితోనూ ఎవరూ అలా మాట్లాడి ఉండరు. మోకాలు వంచమని, మడమ పట్టుకుని చూశాను. నిజంగానే లూజుగా ఉంది.